బిల్ రస్సెల్: స్కోర్‌షీట్‌లో గడి లేని ఆట

విజయనగరంలో బాస్కెట్‌బాల్ వేసవి శిబిరం పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు ఒక రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్ చేసిన ప్రసంగం ఇది. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. పిల్లలూ, ముందుకొచ్చి కూర్చోండి. అమ్మా, మీరు కూడా ఆ కుర్చీలు ఇటు లాక్కోండి, వెనక నిలబడితే వినపడదు. ఎండ దిగింది, కాస్త గాలి కూడా వస్తోంది. కూర్చోండి.

నా చేతిలో ఉన్న ఈ కాగితం ఏమిటో తెలుసా? ఇవాళ పొద్దున్న ఆడపిల్లల మ్యాచ్ జరిగింది కదా, దాని స్కోర్‌షీట్. పేర్లున్నాయి, జెర్సీ నంబర్లున్నాయి, పక్కన ఫౌల్స్ గళ్లు, ఇటువైపు పాయింట్లు. 28-27తో ఒక జట్టు గెలిచింది. గెలిచిన జట్టులో 9వ నంబరు అమ్మాయి ఎదురుగా ఏముందో చదువుతాను. పాయింట్లు సున్నా. ఫౌల్స్ రెండు. అంతే. మ్యాచ్ చూడకుండా ఈ కాగితం ఒక్కటే చూసినవాడు ఏమనుకుంటాడు? ఈ పిల్ల ఊరికే తిరిగింది, ఏమీ ఆడలేదు అనుకుంటాడు.

నేను పొద్దున్న అదిగో ఆ చెట్టు కింద కూర్చుని చూశాను. చివరి నిమిషంలో ఎదుటి జట్టు మూడుసార్లు బంతి వేసింది. మూడుసార్లూ రింగుకి తగిలి పైకి లేచింది. మూడుసార్లూ కింద ఎదుటి పిల్లని వీపుతో ఆపి, రెండు చేతులూ చాచి, ఆ బంతి పట్టుకున్నది ఎవరు? 9వ నంబరు. ఆ మూడింట్లో ఒక్క బంతి వాళ్ల చేతికి చిక్కి లోపలికి వెళ్తే మ్యాచ్ పోయేది. అవునా కాదా? మరి దానికి ఈ కాగితంలో గడి ఎక్కడుంది? వెతకండి. లేదు. పాపం, ఆ అమ్మాయి తల దించుకుంటోంది. పేరు చెప్పను లేమ్మా.

ఆ గడి లేకపోవడం గురించే ఇవాళ మాట్లాడదామనుకున్నాను. అందుకే ఒక మనిషి కథ చెబుతాను. బాస్కెట్‌బాల్‌లో అందరికంటే గొప్పవాడు ఎవరు అని పొద్దున్న మిమ్మల్ని అడిగితే మైకేల్ జోర్డాన్ అన్నారు, కోబీ అన్నారు, లెబ్రాన్ అన్నారు, కర్రీ అన్నారు. తప్పేం లేదు, అందరూ గొప్పవాళ్లే. అమెరికాలో పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ కదా, జోర్డాన్ ఎన్నిసార్లు దాని ఛాంపియన్? 6. బాగా చెప్పావు నాన్నా. నేను చెప్పబోయే మనిషి 13 సీజన్లు ఆడాడు. 11సార్లు ఛాంపియన్. మళ్లీ చెబుతున్నాను, 13 సీజన్లలో 11సార్లు. అందులో 1959 నుంచి 1966 వరకు వరసగా ఎనిమిది. ఆయన పేరు బిల్ రస్సెల్. జట్టు బోస్టన్ సెల్టిక్స్.

రస్సెల్ 1934లో అమెరికా దక్షిణాన లూసియానా రాష్ట్రంలో, మన్రో దగ్గర పుట్టాడు. నల్లజాతివాళ్ల కుటుంబం. అక్కడ అప్పుడు వాళ్ల బతుకు ఎలా ఉండేదంటే, వాళ్ల అమ్మ ఒకసారి మంచి బట్టలు కట్టుకుని బజారుకి వెళ్తే పోలీసు ఆపి, ఇవి తెల్లవాళ్ల ఆడవాళ్లు వేసుకునే బట్టలు, ఇంటికెళ్లి మార్చుకో అన్నాడట. ఆవిడ ఇంటికొచ్చి ఏడవడం ఆ పిల్లవాడు చూశాడు. తర్వాత కుటుంబం కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌కి వలస వెళ్లింది. పిల్లవాడికి 12 ఏళ్లప్పుడు ఆ తల్లి చనిపోయింది. తండ్రే పెంచాడు.

తల్లి పోయాక ఆ పిల్లవాడు ఎక్కడ గడిపేవాడో తెలుసా? లైబ్రరీలో. పెద్ద పెద్ద చిత్రకారులు వేసిన బొమ్మల ప్రింట్లు ఇంటికి తెచ్చుకుని, గీత గీత మనసులో పెట్టుకుని, చూడకుండా గీయడానికి ప్రయత్నించేవాడట. బొమ్మ సరిగ్గా వచ్చేది కాదు. కానీ చూసింది చూసినట్టు మనసులో పెట్టుకోవడం అలవాటైంది. ఆ అలవాటు తర్వాత ఆటలో ఎలా పనికొచ్చిందో చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

హైస్కూల్లో ఆయన ఆట ఏమీ గొప్పగా లేదు. ఇంచుమించు జట్టులోంచి తీసేసే పరిస్థితి. జూనియర్ జట్టు కోచ్ జార్జ్ పౌల్స్ దగ్గర 15 డ్రెస్సులున్నాయి. పిల్లలు 16 మంది. పదహారోవాడు రస్సెల్. ఆ కోచ్ ఏం చేశాడు? ఇంటికి పొమ్మనలేదు. చివరి డ్రెస్సు ఇద్దరికి ఇచ్చాడు. ఒక మ్యాచ్‌కి ఇతను వేసుకుంటే, రెండో మ్యాచ్‌కి ఇంకో కుర్రాడు. వేసుకోనివాడు ఆ రోజు గ్యాలరీలో కూర్చోవాలి. సగం డ్రెస్సు ఆటగాడన్నమాట. 11 ఛాంపియన్‌షిప్‌ల మనిషి అలా మొదలయ్యాడు.

ఈ ముక్క మొదటిసారి చదివినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను. ఇక్కడ కోచ్‌లు ఉన్నారు, పీఈటీలు ఉన్నారు, మీ ముందు దాచేది ఏముంది? నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. నెల్లిమర్ల వైపు పల్లె నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవాడు. తొమ్మిదో తరగతికే నా భుజం దాటిపోయాడు. బంతి వేయడం రాదు. వేస్తే బోర్డు దాటి అవతల పడేది. కానీ వాడు కోర్టులో ఉంటే ఎదుటివాళ్లు బోర్డు దగ్గరకి రావడానికి జంకేవారు. నాకది కనపడేది. కనపడినా లెక్కలోకి తీసుకోలేదు. జోనల్స్‌కి జట్టు రాసేటప్పుడు స్కోర్‌షీట్లు ముందేసుకుని, ఎవడెన్ని పాయింట్లు కొట్టాడో కూడి, మొదటి పన్నెండు పేర్లు రాశాను. వాడి పేరు లేదు. మర్నాడు నోటీసు బోర్డు దగ్గర నిలబడి నన్ను అడిగాడు, "ఏటి మాస్టారూ, నన్ను తీసీసారా?" అని. "నీకు పాయింట్లు లేవు కదరా" అన్నాను. ఏమీ అనలేదు. సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ గ్రౌండ్‌కి రాలేదు. పదో తరగతి తర్వాత ఏమయ్యాడో కూడా నాకు తెలియదు. ఆ కోచ్ పదహారో పిల్లవాడి కోసం డ్రెస్సు పంచాడు. నేను పన్నెండులో ఉండాల్సినవాడిని పంపించేశాను. తప్పు నాదే.

సరే, కథలోకి వద్దాం. హైస్కూలు అయ్యాక రస్సెల్‌ని పిలిచి స్కాలర్‌షిప్ ఇచ్చిన కాలేజీ ఒక్కటే, యూనివర్సిటీ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో. దానికి అప్పట్లో సొంత ఇండోర్ కోర్టు కూడా లేదు. పక్క హైస్కూలు జిమ్‌లో ప్రాక్టీస్ చేసుకునేవారు. మనకి ఇండోర్ లేదని మనం బాధపడతాం కదా! ఆ జట్టు 1955లో, 1956లో జాతీయ ఛాంపియన్. వరసగా 55 మ్యాచ్‌లు గెలిచింది. రస్సెల్ రింగు దగ్గర ఎంత ఇబ్బంది పెట్టాడంటే, కాలేజీ ఆటలో రింగు ముందుండే ఫ్రీత్రో లేన్‌ని 6 అడుగుల నుంచి 12 అడుగులకి వెడల్పు చేశారు. మీరు రోజూ మూడు సెకన్లు దాటితే విజిల్ వేయించుకుంటారే, ఆ గీతల లోపలి చోటు. ఒక్క మనిషి వల్ల కోర్టు మీద గీతలు జరిగాయంటే ఊహించండి. 1956లోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం. డిసెంబరులో తిరిగొచ్చి సెల్టిక్స్‌లో చేరాడు.

ఆ కాలేజీలో ఆయన రూమ్మేట్ కె.సి. జోన్స్. అతను కూడా తర్వాత సెల్టిక్స్‌కి ఆడాడు. ఇద్దరూ రాత్రుళ్లు కూర్చుని ఆటని లెక్కల్లాగా మాట్లాడుకునేవారు. ఎదుటివాడు ఎటు అడుగు వేస్తే బంతి ఏ కోణంలో వస్తుంది, ఎక్కడ నిలబడితే ఎటు తోయొచ్చు. ఇందాక బొమ్మల సంగతి చెప్పాను చూడండి. ఎదుటివాడి కదలికని మనసులో బొమ్మలా పెట్టుకుని, దానికి అద్దంలో నీడలాగా తన కదలిక తయారు చేసుకునేవాడు. అవతలివాడు ఎడమకి వస్తే ఇతను ఎక్కడుండాలో ముందే చూసుకుని ఉండేవాడు.

ఇప్పుడు ఒకటి చూపిస్తాను. బాబూ, ఆ బంతి ఇలా విసురు. ఇంకొకడు రా, లే-అప్‌కి, అంటే రింగు దగ్గరకి పరిగెత్తుకొచ్చి బంతి వేయడానికి, వస్తున్నట్టు రా. మనవాళ్లు బ్లాక్ ఎలా చేస్తారు, అంటే వేసిన బంతిని గాల్లో ఎలా ఆపుతారు? ఇలా, చెయ్యి మొత్తం ఊపి, ఫట్‌మని కొడతారు. బంతి అక్కడ గోడకి తగిలి, మోరీలో పడుతుంది. చూసేవాళ్లు ఈలలు వేస్తారు. మరి ఏమైంది? బంతి బయటికి పోయింది. మళ్లీ ఎవరికి ఇస్తారు? వాళ్లకే! ఇంత చేసి సంపాదించింది ఏముంది? రస్సెల్ అలా కొట్టేవాడు కాదు. ఇదిగో, చూడండి, వేళ్లతో. వేళ్లతో మెల్లగా పైకి తడతాడు. బంతి ఇక్కడే గాల్లో ఉంటుంది. తనే పట్టుకుంటాడు, లేదా పక్కన ఉన్న తన జట్టువాడి చేతిలో పడేలా తోస్తాడు. ఆ క్షణంలోనే సెల్టిక్స్ గార్డ్ బాబ్ కూజీ అవతలి వైపు పరుగు తీస్తాడు, ఫాస్ట్‌బ్రేక్, అంటే ఎదుటివాళ్లు సర్దుకునేలోపే మెరుపు దాడి, మొదలు. ఎదుటివాళ్లకి రావాల్సిన రెండు పాయింట్లు పోయాయి, మనకి రెండొచ్చాయి. ఒక్క తట్టుకి నాలుగు పాయింట్ల తేడా. గోడకి కొట్టినవాడికి ఈలలు వస్తాయి, ఇలా తట్టినవాడికి మ్యాచ్ వస్తుంది. కూర్చోండి నాన్నా, బంతి పక్కన పెట్టు.

ఇంకో మాట. ప్రతి బంతినీ ఆపక్కర్లేదు. మ్యాచ్ మొదట్లో ఒకటి రెండు ఆపితే చాలు. తర్వాత బంతి వేసే ప్రతివాడికీ, వీడు వస్తాడేమో అనే బెదురు మొదలవుతుంది. చెయ్యి కాస్త వంకరపోతుంది, బంతి రింగుకి తగులుతుంది. ఆ తప్పిపోయిన బంతి రస్సెల్ ఖాతాలో ఎవరు రాస్తారు? ఎవరూ రాయరు. అసలు ఎన్‌బీఏలో బ్లాకులు లెక్కపెట్టడం మొదలైందే 1973-74 సీజన్‌లో. రస్సెల్ ఆట మానేసింది 1969లో. ఆయన జీవితమంతా చేసిన పనికి ఆయన ఆడినన్నాళ్లూ గడి లేదు. రీబౌండ్లు, అంటే తప్పిపోయి లేచిన బంతి పట్టుకోవడం, వాటికి మాత్రం లెక్క ఉంది, 21,620. సగటున మ్యాచ్‌కి 22.5. మీ నలుగురు కలిసి పట్టేదానికంటే ఎక్కువ.

డిఫెన్స్ ఆడేవాడు కాళ్లు నేల మీద నుంచి లేపకూడదని ఆ రోజుల్లో కోచ్‌లు నేర్పేవారు. రస్సెల్ ఎగిరేవాడు. నువ్వు ఆడేది తప్పు ఆట అన్నారు. నాకు ఇక్కడ మన ఊరి సంగతే గుర్తొస్తుంది. మన సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి గురించి పెద్దవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఫిడేలంటే పక్కవాద్యం, పాడేవాళ్ల పక్కన కూర్చుని వాయించేది అనుకునే రోజుల్లో ఆయన ఒక్క ఫిడేలుతో నిండు కచేరీ చేశారు. జనం ఫిడేలు వినడానికి వచ్చారు. డిఫెన్స్‌కి రస్సెల్ చేసింది అదే. ఆయన వచ్చాకే జనం బంతి ఆపడం చూడటానికి కూడా టికెట్ కొన్నారు.

రస్సెల్ ఆడిన మొదటి ఫైనల్ సంగతి. 1957, సెయింట్ లూయీస్ హాక్స్‌తో ఏడో మ్యాచ్. ఫైనల్ అంటే ఏడు మ్యాచ్‌లు, నాలుగు గెలిచినవాళ్లదే కప్పు. సెల్టిక్స్ స్టార్లు కూజీ, షార్‌మన్ ఇద్దరూ కలిసి 40సార్లు బంతి వేస్తే పడినవి 5. అయినా మ్యాచ్ సమమై, రెండు ఓవర్‌టైమ్‌ల దాకా, అంటే రెండుసార్లు అదనపు సమయం దాకా వెళ్లింది, 125-123తో సెల్టిక్స్ గెలిచింది. ఓవర్‌టైమ్‌కి ముందు, ఆట చివర్లో, జాక్ కోల్‌మన్ అనే హాక్స్ ఆటగాడు ఎదురు లేకుండా రింగు వైపు వెళ్తున్నాడు. రస్సెల్ ఎక్కడున్నాడు? అవతలి కొసన, ఎండ్ లైన్ దగ్గర. అక్కడి నుంచి కోర్టు మొత్తం పరిగెత్తి వచ్చి ఆ బంతి ఆపాడు. కొత్తగా వచ్చిన కుర్రాడు! ఆ రోజు రీబౌండ్లు 32.

విల్ట్ చాంబర్లిన్ పేరు విన్నారా? ఏడడుగుల ఒక అంగుళం మనిషి. 1962 మార్చి 2న ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడు. ఆ సీజన్ మొత్తం సగటు 50.4. మళ్లీ ఎవరూ ఆ దరిదాపులకి రాలేదు. మరి ఆ ఏడాది ఉత్తమ ఆటగాడు ఎవరు? అప్పట్లో ఆ ఓటు వేసేది పత్రికలవాళ్లు కాదు, ఆటగాళ్లే. కోర్టులో ఇద్దరితోనూ దెబ్బలు తిన్నవాళ్లు. వాళ్లు 100 పాయింట్ల మనిషికి వేయలేదు. రస్సెల్‌కి వేశారు. ఆయన సగటు 20 పాయింట్లు కూడా లేదు. ఎవరికి చూడటం తెలుసో చూడండి.

ఆ ఇద్దరూ 140సార్లకి పైగా ఎదురెదురు ఆడారు. అయినా స్నేహితులు. నవంబరులో వాళ్ల పండగ రోజు మ్యాచ్ పడితే రస్సెల్ విల్ట్ ఇంటికి భోజనానికి వెళ్లి, విల్ట్ మంచం మీదే కాసేపు నిద్రపోయి, సాయంత్రం వెళ్లి విల్ట్ మీదే ఆడేవాడు.

మీకు మ్యాచ్ ముందు టెన్షన్ వస్తుంది కదా? కడుపులో తిప్పుతుంది కదా? రస్సెల్‌కి పెద్ద మ్యాచ్ ముందు ప్రతిసారీ వాంతి అయ్యేది. ప్రతిసారీ. అది వినిపిస్తే జట్టువాళ్లకి ధైర్యం, ఇవాళ ఇతను సిద్ధంగా ఉన్నాడని.

ఇప్పుడు చెప్పేది కాస్త కష్టంగా ఉంటుంది, కానీ ఇది చెప్పకపోతే రస్సెల్ గురించి సగమే చెప్పినట్టు. 1961లో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో సెల్టిక్స్‌కి ఒక ప్రదర్శన మ్యాచ్ ఉంది. హోటల్లో దిగారు. కింద కాఫీ షాపులో నల్లజాతి ఆటగాళ్లకి తిండి పెట్టేది లేదన్నారు. మన పల్లెల్లో టీ కొట్ల దగ్గర కొందరికి వేరే గ్లాసులు పెట్టిన రోజులు ఇక్కడ పెద్దవాళ్లలో కొందరికి గుర్తుంటాయి. ఆ గ్లాసు పట్టుకున్నవాళ్లకి ఇంకా బాగా గుర్తుంటుంది. రస్సెల్, అతని నల్లజాతి జట్టు సభ్యులు ఏం చేశారు? గొడవ చేయలేదు. సామాన్లు సర్దుకుని విమానం ఎక్కి వెళ్లిపోయారు. ఎదుటి జట్టులోని నల్లజాతి ఆటగాళ్లు కూడా ఆడలేదు. మా ఆట కావాలి, మేము అక్కర్లేదా? అన్నట్టు.

ఆయన ఆడిన ఊరు బోస్టన్ మాత్రం ఏం చేసింది? ఊరికి అన్ని కప్పులు తెచ్చిపెట్టిన మనిషికి ఊరి శివార్లలో ఉన్న ఇంట్లోకి దూరి, ట్రోఫీలు పగలగొట్టి, గోడల మీద బూతులు రాసి, పడుకునే మంచం మీద మలవిసర్జన చేసి పోయారు. అందుకే తను సెల్టిక్స్‌కి ఆడానే తప్ప బోస్టన్‌కి ఆడలేదనేవాడు. ఆటోగ్రాఫ్‌లు ఇచ్చేవాడు కాదు. పొగరు అన్నారు. నాకైతే అది పొగరనిపించదు. చప్పట్లు కొట్టే చెయ్యీ, గోడ మీద రాసే చెయ్యీ ఒకే ఊరివైతే, ఎవరికని సంతకం చేస్తాడు?

అయినా భయపడి ఊరుకోలేదు. 1963లో మిసిసిపీలో మెడ్గర్ ఎవర్స్ అనే హక్కుల నాయకుణ్ణి కాల్చి చంపారు. మరుసటి ఏడాది రస్సెల్ అదే ఊరు, జాక్సన్‌కి వెళ్లి, ఇలాంటిదే, అచ్చం మీరు కూర్చున్నలాంటిదే, పిల్లలకి బాస్కెట్‌బాల్ శిబిరం పెట్టాడు. తెల్ల పిల్లలు, నల్ల పిల్లలు ఒకే కోర్టులో. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. వెళ్లాడు. ఆడించాడు.

1966లో సెల్టిక్స్ కోచ్ రెడ్ అవర్‌బాక్ తప్పుకుంటూ రస్సెల్‌నే కోచ్‌ని చేశాడు. ఎన్‌బీఏలో మొదటి నల్లజాతి హెడ్ కోచ్. ఆడుతూనే కోచింగ్. మొదటి ఏడాది విల్ట్ జట్టు చేతిలో ఓడాడు. 1968లో గెలిచాడు.

ఇక 1969. రస్సెల్‌కి 35 ఏళ్లు. జట్టు ముసలిదైపోయింది, తమ డివిజన్‌లో నాలుగో స్థానంలో అతి కష్టం మీద ప్లేఆఫ్స్‌కి, అంటే కప్పు కోసం ఆడే చివరి దశకి వచ్చింది. ఫైనల్లో ఎదురుగా లాస్ ఏంజెలెస్ లేకర్స్. జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్, ఇప్పుడు విల్ట్ కూడా వాళ్లవైపే. చెరి మూడు గెలిచారు. ఏడో మ్యాచ్ లేకర్స్ ఊళ్లో. ఆ జట్టు యజమాని హాలు పైకప్పుకి వేల బెలూన్లు కట్టించాడు. గెలిస్తే వదలడానికి. గెలిచాక ఏం జరగాలి, బెలూన్లు ఎప్పుడు పడాలి, బ్యాండు ఎప్పుడు వాయించాలి అన్నీ కాగితం మీద రాయించి పంచాడు. ఆ కాగితం రస్సెల్ చేతికి చిక్కింది. మ్యాచ్ ముందు తన జట్టుకి చదివి వినిపించాడు. ఇంక వేరే ఉపన్యాసం ఎందుకు?

చివర్లో డాన్ నెల్సన్ వేసిన ఒక బంతి రింగు వెనక తగిలి నిలువునా పైకి లేచి, మళ్లీ నేరుగా లోపల పడింది. 108-106. సెల్టిక్స్ గెలిచింది. బెలూన్లు పైనే ఉండిపోయాయి. ఆ మ్యాచ్‌లో జెర్రీ వెస్ట్ 42 పాయింట్లు కొట్టాడు. రస్సెల్ ఎన్ని కొట్టాడు? 6. రీబౌండ్లు 21. ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు అనే బహుమతి ఆ ఏడాదే మొదలైంది. ఓడిన జట్టులోని వెస్ట్‌కి ఇచ్చారు. రస్సెల్ ఆ వేసవిలోనే ఆట మానేశాడు, కాబట్టి ఆ బహుమతి ఆయనకి ఎప్పుడూ రాలేదు. 2009లో దానికి ఏ పేరు పెట్టారో తెలుసా? బిల్ రస్సెల్ ట్రోఫీ. ఇప్పుడు ఫైనల్స్ అయ్యాక టీవీలో చూస్తారే, ఆ కప్పే.

1972లో ఆయన 6వ నంబరు జెర్సీని, ఇంక ఎవరికీ ఆ నంబరు ఇవ్వమన్న గౌరవంగా, సెల్టిక్స్ ఆడే హాలు బోస్టన్ గార్డెన్ పైకప్పుకి ఎక్కించారు. ఆయన ఒక షరతు పెట్టాడు. జనం రాకముందు చేయండి అని. గేట్లు తెరవకముందు, ఖాళీ కుర్చీల మధ్య, పాత జట్టువాళ్లు నిలబడితే, ఆ గుడ్డ పైకి వెళ్లింది. తర్వాతే జనాన్ని లోపలికి వదిలారు. తనతో ఆడినవాళ్లు చూస్తే చాలన్నాడు.

1975లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే బాస్కెట్‌బాల్ మహామహుల జాబితాకి, ఎంపిక చేస్తే వెళ్లలేదు. ఆటగాడిగా అక్కడికి ఎన్నికైన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. నాకంటే ముందు రావాల్సినవాళ్లు ఉన్నారని ఆయన లెక్క. ఎన్‌బీఏ జట్టు 1950లో మొదటిసారి ఎంపిక చేసుకున్న నల్లజాతి ఆటగాడు చక్ కూపర్. అదే సెల్టిక్స్‌కి ఆడాడు. ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నది 2019లో, ఆయన చనిపోయిన ఎన్నో ఏళ్లకి. అప్పుడు, 44 ఏళ్ల తర్వాత, ఒక చిన్న గదిలో, భార్య, కొద్దిమంది స్నేహితుల ముందు రస్సెల్ తన హాల్ ఆఫ్ ఫేమ్ ఉంగరం తీసుకున్నాడు. 2022 జూలై 31న, 88 ఏళ్ల వయసులో పోయాడు. ఆ నెల్లోనో పై నెల్లోనో పేపర్లో చూసే ఉంటారు, ఇకమీదట ఏ జట్టులోనూ ఎవరికీ 6వ నంబరు కొత్తగా ఇవ్వకూడదని ఎన్‌బీఏ నిర్ణయించింది. లీగ్ మొత్తానికి అలా పక్కన పెట్టిన మొదటి నంబరు అదే.

చీకటి పడుతోంది, దోమలు కూడా మొదలయ్యాయి. ఒక పని అడిగి ముగిస్తాను. రేపు పొద్దున్న ఆరింటికి మగపిల్లల మ్యాచ్ ఉంది. స్కోరర్ ఎలాగూ ఉంటాడు. తల్లిదండ్రుల్లో ఇద్దరు నాకు కావాలి. ఆట తెలియక్కర్లేదు. ఒకరు రింగు కింద ఎవరు బంతి పట్టుకున్నా వాళ్ల పేరు ఎదురుగా ఒక గీత గీయాలి. ఇంకొకరు ఆపిన బంతులకి గీత గీయాలి, అది బయటికి పోయిందా, మనవాడి చేతిలో పడిందా అని కూడా రాయాలి. కాగితాలు నేను గళ్లు గీసి తెస్తాను, పెన్సిళ్లు కూడా తెస్తాను. అదిగో, ఆవిడ చెయ్యెత్తారు. ఇంకొకరు? 9వ నంబరు వాళ్ల నాన్నగారా? రండి సార్, రేపు ఆరింటికల్లా ఆ చెట్టు కింద కూర్చుందాం.